ఇంజన్ వేడెక్కాక సెల్ఫ్ ఒక్కసారి టక్ మని ఆగిపోతోంది, చల్లారితే మామూలే. సెల్ఫ్ మోటార్ మార్చాలా?

రెండోగేరు

కారు 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 11 ఏళ్ల బండి, 94,000 కి.మీ. తిరిగింది. 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ వేసి 5 నెలలైంది.

పొద్దున చల్లటి ఇంజన్ మీద ఒక్కసారి కూడా ఇబ్బంది లేదు. విజయవాడ నుంచి సూర్యాపేట దాకా ఆపకుండా వెళ్లి, టీకి 10–15 నిమిషాలు ఆపి మళ్లీ తాళం తిప్పితే మాత్రం మూడు నాలుగు సార్లలో ఒకసారి మొరాయిస్తుంది. డాష్‌బోర్డు లైట్లన్నీ వెలుగుతాయి. తాళం చివరిదాకా తిప్పితే బానెట్ కింద ఒక్క "టక్", అంతే. ఇంజన్ కదలదు. వదిలి మళ్లీ తిప్పితే మళ్లీ టక్. ఆరేడుసార్లకు ఒక్కసారిగా బ్రహ్మాండంగా తిరిగి స్టార్ట్ అవుతుంది. లేదా అరగంట బానెట్ ఎత్తి ఉంచితే మొదటి దెబ్బకే అందుకుంటుంది.

బ్యాటరీ షాపులో టెస్టర్ పెట్టి బాగానే ఉందన్నారు. ఆటో ఎలక్ట్రీషియన్ చూడగానే "సెల్ఫ్ పోయింది, మార్చేయండి" అన్నారు. ఆయన ముందు మాత్రం పదిసార్లు తిప్పినా పదిసార్లూ స్టార్ట్ అయింది. మోటార్ మార్చాక కూడా ఇదే ఉంటే? ముందే తేల్చుకునే పద్ధతి ఉందా? మల్టీమీటర్ ఉంది, వాడటం కొద్దిగా వచ్చు.

పన్నెండు_వోల్టులు

మోటార్ ఇప్పుడే కొనకండి. మీరు రాసినదాంట్లోనే సగం సమాధానం ఉంది.

ఇంజన్ అసలు తిరగకపోవడం వేరు, గిరగిరా తిరిగి అందుకోకపోవడం వేరు. మీది మొదటిది. కాబట్టి పెట్రోల్ పంపు, ప్లగ్గులు, సెన్సర్లు ఈ లెక్కలోకి రావు. బ్యాటరీ, తాళం స్విచ్, మధ్యలో వైర్లు, సోలినాయిడ్ (సెల్ఫ్ మీద ఉండే అయస్కాంత స్విచ్, పళ్లచక్రాన్ని ఇంజన్ వైపు తోసి మోటారుకు కరెంటు కలుపుతుంది), మోటార్, ఎర్త్ (బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కు తిరుగు దారి)... వెతకాల్సింది ఈ వరసలోనే.

ఇక శబ్దం. "టకటకటక" అని మిషను కుట్టినట్టు వస్తే బ్యాటరీ దిగిపోయినట్టు, లేదా టెర్మినల్ వదులైనట్టు. సోలినాయిడ్ లాగుతుంది, మోటార్ కరెంటు తాగేసరికి వోల్టేజీ పడిపోయి సోలినాయిడ్ వదిలేస్తుంది, వదలగానే వోల్టేజీ లేచి మళ్లీ లాగుతుంది. మీది ఒక్క టక్. దాంట్లో మళ్లీ రెండు రకాలు. ఈసారి ఫెయిలైనప్పుడు హెడ్‌లైట్లు వేసి, ఎదురుగా గోడ మీద వెలుగు చూస్తూ తాళం తిప్పండి.

వెలుగు బాగా తగ్గిందంటే కరెంటు భారీగా వెళ్తోంది, మోటారే తిరగలేకపోతోంది: బుష్‌లు అరిగి ఆర్మేచర్ (మోటార్ లోపల తిరిగే భాగం) పట్టేయడం, లేదా ఆర్మేచర్ షార్ట్. వెలుగు ఏమీ తగ్గలేదంటే మోటారుకు కరెంటే అందట్లేదు. అప్పుడు అనుమానం సోలినాయిడ్ మీదకీ, దానికి తాళం నుంచి వచ్చే సన్న వైరు మీదకీ పోతుంది.

ఈలోగా 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ టెర్మినళ్లు విప్పి (ముందు మైనస్, తర్వాత ప్లస్, బిగించేటప్పుడు ముందు ప్లస్) లోపలివైపు ఎమరీ పేపర్‌తో సీసం మెరిసేదాకా రుద్దండి. చేత్తో తిప్పితే కదలకూడదు. మైనస్ కేబుల్ రెండో చివర బాడీకి, అక్కణ్నుంచి గేర్‌బాక్స్‌కి బిగించిన చోట కూడా ఇదే పని.

హైవే_డ్రైవర్

ఇంత చర్చ ఎందుకన్నా. స్పానర్‌తో సెల్ఫ్ మీద రెండు దెబ్బలు వేయండి, అందుకుంటుంది. అందుకోకపోతే పెద్ద స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మీద ఉన్న రెండు లావు బోల్టులు కలపండి, తిరుగుతుంది. ఊరికి చేరాక కార్బన్లు మార్పించుకోండి.

చిలుము

దెబ్బ వేయడంలో తప్పు లేదు. అయితే అది ఏం చెబుతోందో తెలిసి వేయాలి. సోలినాయిడ్‌లో రెండు చుట్లు ఉంటాయి, ఒకటి లాగేది, ఒకటి పట్టి ఉంచేది. పట్టి ఉంచే చుట్టు నేరుగా బాడీకి ఎర్త్ అవుతుంది. లాగే చుట్టుకు మాత్రం ఎర్త్ మోటార్ లోపలి కార్బన్ బ్రష్‌ల మీదుగా దొరుకుతుంది. కార్బన్లు అరిగిపోయి కమ్యుటేటర్‌ను (ఆర్మేచర్ చివర ఉండే రాగి పలకలను) తాకకపోతే లాగే చుట్టు పనిచేయదు. అప్పుడు శబ్దం చాలా నీరసంగా వస్తుంది, లేదా అసలు రాదు. ఒక దెబ్బ వేస్తే కార్బన్ కాస్త జరిగి ఆ పూటకు పని కానిస్తుంది. అలా ప్రతిసారీ దెబ్బతోనే తిరుగుతోందంటే మోటార్ విప్పాల్సిందే. దెబ్బ సోలినాయిడ్ మీదా, మోటార్ బాడీ మీదా తేలిగ్గా వేయాలి. కొన్ని మోటార్లలో అయస్కాంతాలు లోపల అతికించి ఉంటాయి, గట్టిగా బాదితే పగులుతాయి.

స్క్రూడ్రైవర్ పని వద్దు. రెండు లావు బోల్టులు కలిపితే సోలినాయిడ్‌ను దాటేసి మోటార్ ఒక్కటే తిరుగుతుంది. పళ్లచక్రం ముందుకు జరగదు కాబట్టి ఇంజన్ తిరగదు. మెరుపులు మాత్రం వస్తాయి. ప్లస్ బోల్టుకూ సన్న వైరు టెర్మినల్‌కూ మధ్య కలిపితే ఇంజన్ నిజంగానే తిరుగుతుంది, కానీ ఆ పాటికి గేరులో ఉందా లేదా చూసేవాళ్లు లోపల ఉండరు. బండి మనిషి మీదకి వస్తుంది.

రెండోగేరు

నిన్న మళ్లీ ఫెయిలైంది. హెడ్‌లైట్ వెలుగు పిసరంత కూడా తగ్గలేదు. టెర్మినళ్లు, ఎర్త్ బోల్టులు శుభ్రం చేశాను. ఎర్త్ బోల్టు కింద పచ్చగా చిలుము ఉంది, అదీ గీకాను. తేడా లేదు. స్పానర్ దెబ్బ నాలుగుసార్లు వేశాను, ఫలితం లేదు. ఐదోసారి దెబ్బ లేకుండానే స్టార్ట్ అయింది.

సోలినాయిడ్ సన్న వైరు పీకి, మీటర్ పెట్టి, ఇంకొకరితో తాళం తిప్పించాను. 12.4 వోల్టులు వచ్చింది. అంటే వైరు బాగున్నట్టే, సోలినాయిడ్ పోయినట్టే కదా?

చిలుము

కాదండీ. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

వైరు పీకి కొలిచినప్పుడు ఆ దారిలో కరెంటు ప్రవహించట్లేదు. మీటర్ తాగేది ఏమీ ఉండదు. ఒకే ఒక్క రాగి పోగు మిగిలిన వైరు చివర కూడా మీటర్ 12.4 చూపిస్తుంది. పొలం పైపు చివర చెయ్యి అడ్డం పెడితే ఒత్తిడి బాగానే తెలుస్తుంది. చెయ్యి తీస్తే గానీ మధ్యలో చెత్త ఇరుక్కుందని బయటపడదు. సోలినాయిడ్ లాగే క్షణంలో 25–30 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. ఆ కరెంటు పారుతున్నప్పుడు ఎంత మిగిలిందో కొలవాలి. అంటే వైరు తగిలించే ఉంచి, వెనక నుంచి సూది గుచ్చి కొలవాలి.

మీరు వెళ్లి బానెట్ ఎత్తేసరికి చల్లారిపోతోంది కాబట్టి ముందే ఏర్పాటు చేసుకోండి:

1. బ్యాటరీ మైనస్ విప్పండి. సోలినాయిడ్ మీద మూడు కనెక్షన్లు కనిపిస్తాయి. బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబుల్ బోల్టు (30), మోటార్ లోపలికి పోయే బోల్టు, విడిగా ఒక సన్న వైరు (50). ఆ 50 వైరు కనెక్టర్ వెనక నుంచి గుండుసూది దూర్చి, దానికి 2 మీటర్ల సన్న వైరు కలిపి టేపు వేయండి.

2. ఇంకో వైరు బ్యాటరీ ప్లస్ నుంచి. దీనికి బ్యాటరీ పక్కనే 1 ఆంపియర్ ఫ్యూజు తప్పనిసరి. లేకపోతే బానెట్ అంచుకు నలిగి షార్ట్ అయితే వైరు నిప్పంటుకుంటుంది. మూడోది బ్యాటరీ మైనస్ నుంచి, నాలుగోది ఇంజన్ మీద ఏదైనా శుభ్రమైన బోల్టు నుంచి.

3. నాలుగూ బానెట్ అంచు మీదుగా కిటికీలోంచి లోపలికి తెచ్చి, చివరలకు కాగితం ముక్కలతో పేర్లు రాసి అంటించండి. ఫ్యాన్‌కీ, బెల్టుకీ, సైలెన్సర్ మానిఫోల్డ్‌కీ దూరంగా కట్టండి.

4. 40 నిమిషాలు నడిపి, ఆపి, బానెట్ మూసే ఉంచి 10–12 నిమిషాలు ఆగండి. ఇంజన్ ఆపాక మొదటి పావుగంట బానెట్ కింద వేడి తగ్గదు, పెరుగుతుంది. గాలి ఆగిపోతుంది, ఇంజన్ ముద్ద వేడంతా పైకి వస్తుంది. మీది సరిగ్గా ఆ సమయంలోనే ఫెయిలవుతోంది.

తర్వాత గేర్ న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్, క్లచ్ తొక్కి తాళం తిప్పి పట్టుకుని, ప్రతి కొలతకూ 3 సెకన్లు. చూడాల్సినవి ఇవి: బ్యాటరీ ప్లస్–మైనస్ మధ్య, 50 వైరు–ఇంజన్ బోల్టు మధ్య, బ్యాటరీ ప్లస్–50 వైరు మధ్య, ఇంజన్ బోల్టు–బ్యాటరీ మైనస్ మధ్య. ఫెయిలైనప్పుడు ఒకసారి, స్టార్ట్ అయినప్పుడు ఒకసారి రాసుకోండి.

ఇంజన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ 9.6 కంటే కిందికి దిగకూడదు, ఎర్త్ వైపు నష్టం 0.2–0.3 దాటకూడదు. ప్లస్ నుంచి 50 దాకా అర వోల్టు ఉంటే మంచిది, ఒక వోల్టు దాటితే ఎక్కడో మెలిక ఉన్నట్టే. 50 దగ్గర 8 వోల్టులు కూడా లేకపోతే కొత్త సోలినాయిడ్ వేసినా లాగుతుందని చెప్పలేం.

పన్నెండు_వోల్టులు

దీనికి తోడు వేడి సంగతి. రాగి ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం అడ్డుతనం పెంచుకుంటుంది. 30 డిగ్రీల దగ్గర ఉన్న సోలినాయిడ్ చుట్టు 100 డిగ్రీలకు చేరితే అడ్డుతనం నాలుగోవంతుకు పైగా పెరుగుతుంది. కరెంటు ఆ మేరకు పడిపోతుంది, లాగే బలం అంతకంటే ఎక్కువగా పడిపోతుంది. అందుకే సోలినాయిడ్ బాగున్నా, వైరులో రెండు మూడు వోల్టులు పోతుంటే, చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది, వేడెక్కగానే చేతులెత్తేస్తుంది. "వేడి మీద ఆగింది కాబట్టి సెల్ఫ్ పోయింది" అనే మాటలో సగమే నిజం.

ఇంట్లో సోలినాయిడ్ చుట్టు ఓమ్స్ కొలిచి తేలుద్దామని మాత్రం కూర్చోకండి. అది ఒక ఓమ్‌లో మూడోవంతో, సగమో ఉంటుంది. మామూలు మీటర్ వైర్ల అడ్డుతనమే 0.2 ఓమ్‌ల దాకా ఉంటుంది. ఆ అంకెతో ఏమీ తేలదు.

రెండోగేరు

కొలతలు వచ్చాయి. రెండు రోజులు తిరిగితే రెండుసార్లు ఫెయిలైంది.

స్టార్ట్ అయినప్పుడు (చల్లటి ఇంజన్): బ్యాటరీ 10.5, 50 దగ్గర 9.0, ప్లస్ నుంచి 50కి నష్టం 1.5, ఎర్త్ నష్టం 0.15.

ఫెయిలైనప్పుడు: బ్యాటరీ 12.2, 50 దగ్గర 6.8, ప్లస్ నుంచి 50కి నష్టం 5.4, ఎర్త్ నష్టం 0.02. రెండోసారి కూడా దాదాపు ఇంతే, 50 దగ్గర 7.0.

చిలుము

చూశారా, బాగున్నప్పుడే 1.5 పోతోంది. అదీ ఎప్పుడు? ఇంజన్ తిరుగుతున్నప్పుడు. అప్పటికి సోలినాయిడ్ లోపలి కాంటాక్టు మూసుకుని ఉంటుంది, లాగే చుట్టుకు రెండు వైపులా ఒకే వోల్టేజీ వచ్చి దాంట్లో కరెంటు ఆగిపోతుంది. పట్టి ఉంచే చుట్టు ఒక్కటే తాగుతుంది. అంత తక్కువ కరెంటుకే 1.5 పోతోందంటే, రెండు చుట్లూ కలిసి లాగే క్షణంలో 5 వోల్టులు పోవడంలో వింత లేదు.

ఎర్త్ 0.02 అని మురిసిపోవద్దు, ఫెయిలైనప్పుడు మోటార్ కరెంటు లేదు కాబట్టి అది అంతే ఉంటుంది. అసలు పరీక్ష తిరిగేటప్పటి 0.15. అది బాగుంది. ఎర్త్ వదిలేయండి, బ్యాటరీ వదిలేయండి, మోటార్ కూడా ప్రస్తుతానికి వదిలేయండి. బ్యాటరీ ప్లస్ నుంచి తాళం మీదుగా 50 దాకా వచ్చే దారిలోనే ఉన్నాడు దొంగ.

రెండు ప్రశ్నలు. బానెట్ కింద ఫ్యూజు బాక్స్ మూత మీద బొమ్మలో స్టార్టర్ రిలే (కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఉందా? లేకపోతే ఆ 25 ఆంపియర్లూ తాళం స్విచ్‌లోంచే పోతాయి. రెండోది, బయట షాపులో అలారం, సెంట్రల్ లాకింగ్, జీపీఎస్ లాంటివి ఏమైనా పెట్టించారా?

రెండోగేరు

రిలే లేదు. మూత మీద హారన్, ఫ్యాన్, ఏసీ, మెయిన్ రిలేలు మాత్రమే ఉన్నాయి.

జీపీఎస్ ట్రాకర్ ఉంది, రెండేళ్ల కింద పెట్టించాను. ఫోన్ నుంచి ఇంజన్ స్టార్ట్ కాకుండా ఆపే సౌకర్యం ఉంది. ఎప్పుడూ వాడలేదు. వాడనిదానికి దీనితో సంబంధం ఉంటుందా?

చిలుము

వాడకపోయినా కరెంటు దాంట్లోంచే పోతుంది. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ మూత తీస్తే తాళం స్విచ్ వెనక కనెక్టర్ కనిపిస్తుంది. దాంట్లో లావుగా ఉన్న ఒక వైరును కోసి, మధ్యలో చిన్న నల్ల రిలే పెట్టి, నల్ల టేపు చుట్టి ఉంటుంది. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు మాత్రమే 12 వచ్చే వైరు అది.

మీటర్ ఎర్ర చివర బ్యాటరీ ప్లస్ నుంచి తెచ్చిన వైరుకు శాశ్వతంగా పెట్టి, నల్ల చివరతో దారి వెంట ఒక్కో మజిలీ కొలుస్తూ రండి. స్విచ్‌కు వచ్చే వైరు, స్విచ్ నుంచి పోయే వైరు, ట్రాకర్ రిలేకి ముందు, రిలే తర్వాత, చివరగా 50. అంకె ఎక్కడ ఎగిరితే రోగం అక్కడ. ఫెయిలయ్యేదాకా ఆగక్కర్లేదు, ఇంజన్ తిరుగుతున్నప్పుడే 1.5 పోతోంది కాబట్టి అప్పుడైనా దొరుకుతుంది. అయితే ఇంజన్ వెంటనే అందుకుంటే కొలవడానికి టైమ్ ఉండదు. ఇంజక్టర్ల కనెక్టర్లు నాలుగూ పీకి ఉంచితే తిరుగుతుంది గానీ అందుకోదు. ఒక్కోసారి 5 సెకన్లకు మించి తిప్పొద్దు, మధ్యలో అర నిమిషం విరామం ఇవ్వండి. అలా పీకి తిప్పితే చెక్ ఇంజన్ లైటు వెలిగే అవకాశం ఉంది, కనెక్టర్లు పెట్టేశాక స్కానర్‌తో చెరిపేయొచ్చు.

ఎయిర్‌బ్యాగ్ వైర్లు పసుపు రంగు గొట్టంలో ఉంటాయి. వాటి జోలికి మీటర్ తీసుకెళ్లొద్దు.

అందుకోదు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాదీ వేడి మీదే సమస్య, కానీ సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. పావుగంట ఆగితే మామూలే. పెట్రోలే. ఇదే వైరు చూడాలా?

పన్నెండు_వోల్టులు

కాదు, మీ దారి వేరు. మీకు సెల్ఫ్ వైపంతా బాగున్నట్టే. ఫెయిలైనప్పుడు మూడు చూడండి, మూడూ సీట్లో కూర్చునే చూడొచ్చు.

తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు సన్నగా ముల్గాలి. వినపడకపోతే పంపు, దాని రిలే, ఫ్యూజు. వినపడితే, తాళం ఆన్ చేసి 3 సెకన్లు, ఆఫ్, మళ్లీ ఆన్, అలా మూడుసార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే లైన్లో ఒత్తిడి నిలవట్లేదు, పంపు లోపలి వాల్వో, కారుతున్న ఇంజక్టరో.

రెండోది ఆర్‌పీఎం ముల్లు. సెల్ఫ్ తిరుగుతుంటే ముల్లు కొద్దిగా లేవాలి. స్కానర్ లైవ్ డేటాలో అయితే సుమారు 200 కనిపించాలి. ఇంజన్ తిరుగుతున్నా సున్నాయే చూపిస్తే క్రాంక్ పొజిషన్ సెన్సర్ (ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేది). దాని లోపలి సన్న చుట్టు వేడికి తెగి, చల్లారాక కలుస్తుంది. పి0335 కోడ్ పడొచ్చు, పడకపోనూవచ్చు. అనుమానం ఉంటే తడిగుడ్డతో సెన్సర్‌ను 2 నిమిషాలు చల్లబరిచి తిప్పండి. అందుకుంటే దాదాపు తేలినట్టే. మార్చేటప్పుడు దాని కనెక్టర్ పిన్నులు కూడా చూడండి.

మూడోది తాళం బొమ్మ లైటు. అది వెలిగే ఉన్నా, గబగబా మెరుస్తున్నా ఇమ్మొబిలైజర్ (దొంగతాళాలతో స్టార్ట్ కాకుండా ఆపే ఏర్పాటు) తాళం చిప్‌ను గుర్తుపట్టట్లేదు. రెండో తాళంతో ప్రయత్నించండి. ఒకే గుత్తికి రెండు చిప్ తాళాలు తగిలించే అలవాటుంటే విడదీయండి.

మిగతాది కొత్త థ్రెడ్ తెరిచి అడగండి, ఇక్కడ కలిస్తే ఎవరికీ అర్థం కాదు.

రెండోగేరు

దొరికింది. ఇంజక్టర్లు పీకి తిప్పుతూ కొలిచిన అంకెలు, బ్యాటరీ ప్లస్ నుంచి నష్టం:

స్విచ్‌కు వచ్చే చోట 0.15, స్విచ్ దాటాక 0.3, ట్రాకర్ రిలేకి ముందు 0.3, రిలే తర్వాత 1.35, సోలినాయిడ్ 50 దగ్గర 1.5.

టేపు విప్పితే జిగురు కారి వేళ్లకు అంటుకుంది. కంపెనీ వైరు బాగా లావు, దాన్ని కోసి మధ్యలో దానిలో మూడోవంతు లావు కూడా లేని ఎర్ర వైరు కలిపారు. సోల్డర్ లేదు, క్రింప్ లేదు, మెలిపెట్టి టేపు చుట్టారు. ఒక మెలిక దగ్గర రాగి నల్లబడి ఉంది, పక్కన తొడుగు గోధుమ రంగులోకి తిరిగింది. రిలే సాకెట్‌లో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి వంగింది. ఆ పిన్ను మీద 87ఏ అని ఉంది.

చిలుము

87ఏ అనేసరికి కథంతా తెలిసిపోయింది. అయిదు పిన్నుల రిలేలో 87 అనేది కాయిల్ లాగినప్పుడు కలిసేది, 87ఏ మామూలప్పుడు కలిసి ఉండేది. ట్రాకర్‌కు మామూలప్పుడు కరెంటు పోవాలి కాబట్టి 87ఏ వాడతారు. కానీ అక్కడ కాంటాక్టును పట్టి ఉంచేది చిన్న స్ప్రింగు మాత్రమే, కాయిల్ బలం కాదు. అందుకే 40/30 అని రాసిన రిలేలో 40 ఆంపియర్లు 87కి, 30 మాత్రమే 87ఏకి. దాంట్లోంచి రోజుకు నాలుగైదుసార్లు 25–30 ఆంపియర్ల దెబ్బ, పైగా సన్న వైరు, మెలిక. ఫెయిలైన ఆ సెకనులో అక్కడ 4 వోల్టులు, ఇంచుమించు 18 ఆంపియర్లు అనుకోండి, 70 వాట్లకు పైగా వేడి. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. ఆ టేపు ఇన్నాళ్లు నిలవడమే గొప్ప.

ఇప్పుడు బాగుచేయడం. ట్రాకర్ తీసేసి పాత వైరు కలిపేసినా సమస్య పోతుంది. నా సలహా మాత్రం ఒక అడుగు ముందుకు: అంత కరెంటును తాళం స్విచ్‌లోంచి కూడా తప్పించండి. 11 ఏళ్ల స్విచ్, దాని కాంటాక్టులు కూడా ఇదే బాటలో ఉంటాయి.

కావలసినవి: 12 వోల్టుల 40 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలే ఒకటి, పింగాణీవో గట్టి ప్లాస్టిక్‌వో సాకెట్ ఒకటి, 30 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు, మూత ఉన్న హోల్డర్, 4 చదరపు మి.మీ. రాగి వైరు సుమారు 2 మీటర్లు, 0.75 వైరు ఒక మీటరు, క్రింప్ లగ్గులు, వేడికి ముడుచుకునే గొట్టం.

బ్యాటరీ మైనస్ విప్పాక మొదలుపెట్టండి. ముందు డాష్‌బోర్డు కింద ట్రాకర్ రిలేను పూర్తిగా పీకి, కంపెనీ వైరు రెండు చివరలూ కొత్త రాగి కనిపించేదాకా కోసి, బట్ క్రింప్‌తో (రెండు చివరలూ దూర్చి నొక్కే లోహపు గొట్టంతో) కలిపి, పైన వేడికి ముడుచుకునే గొట్టం ముడిపించండి. నల్లబడిన రాగి మీద క్రింప్ వేస్తే ఏడాదికి మళ్లీ ఇక్కడికే వస్తారు.

తర్వాత బానెట్ కింద. సోలినాయిడ్ 50కి వచ్చే కంపెనీ వైరును కొంచెం వెనక్కి కోసి, తాళం వైపు నుంచి వచ్చే చివరను రిలే 86కి ఇవ్వండి. 85ని బాడీ ఎర్త్‌కి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా 4 మి.మీ. వైరు రిలే 30కి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. రిలే 87 నుంచి 4 మి.మీ. వైరు సోలినాయిడ్ 50కి. రిలేను పిన్నులు కిందికి ఉండేలా, మానిఫోల్డ్‌కు దూరంగా బిగించండి. పిన్నులు పైకి ఉంటే వాన నీరు సాకెట్‌లో నిలుస్తుంది. 50 దగ్గరి స్పేడ్ కనెక్టర్ (చదునైన పిన్నుకు తొడిగేది) వదులుగా జారిపోతుంటే అదీ కొత్తది వేయండి.

ట్రాకర్ ఉంచుకోవాలనుకుంటే దాని రిలేను ఇప్పుడు 86కి వచ్చే వైరులో పెట్టుకోవచ్చు. అక్కడ పారేది 0.2 ఆంపియరే, సన్న వైరైనా చాలు. పెట్రోల్ పంపు వైరులో మాత్రం పెట్టనివ్వకండి. రిలే కాంటాక్టు వదిలితే 100 మీద పోతున్న బండి లారీ ముందు ఆగిపోతుంది.

పన్నెండు_వోల్టులు

ఒక చేర్పు. రిలే వేశాక కూడా క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ పడుతుందో లేదో చూసుకోండి. మీ బండిలో క్లచ్ స్విచ్ తాళం వైపు వైరులో ఉంటే అది అలాగే పనిచేస్తుంది. క్లచ్ తొక్కితేనే పడుతోందంటే, గేరులో ఉంచి క్లచ్ వదిలి తాళం తిప్పినా బండి ఎగరకూడదు. ఆ పరీక్ష ముందు ఖాళీ స్థలం ఉండేలా చూసుకుని, బ్రేకు మీద కాలు పెట్టి చేయండి.

రెండోగేరు

ఆదివారం కూర్చుని రిలే వేశాను. ఫ్యూజు, సాకెట్, వైరు అన్నీ మీరు చెప్పినవే. ట్రాకర్ రిలేను 86 వైపుకు మార్చాను. క్లచ్ స్విచ్ మామూలుగానే పనిచేస్తోంది.

ఇంజక్టర్లు పీకి కొలిచిన నష్టం బ్యాటరీ ప్లస్ నుంచి 50 దాకా 0.2. రెండు రోజులు విజయవాడ–సూర్యాపేట తిరిగాను, మధ్యాహ్నం ఎండలోనే. బానెట్ మూసి 12 నిమిషాల విరామం తర్వాత 14 సార్లు సెల్ఫ్ కొట్టాను, 14 సార్లూ మొదటి దెబ్బకే. లాగే క్షణంలో 50 దగ్గర ఎంత ఉంటుందో మీటర్‌లో పట్టుకోలేకపోయాను, అంకె నిలబడేలోపే ఇంజన్ అందుకుంటోంది.

ఒక్క అనుమానం. ఇదివరకు టక్ మనే శబ్దం ఒకటే వచ్చేది, ఇప్పుడు ముందు చిన్న టిక్, వెంటనే పెద్ద టక్ వినపడుతున్నాయి. మామూలేనా?

చిలుము

మామూలే. మొదటిది కొత్త రిలే, రెండోది సోలినాయిడ్. ఎప్పుడైనా టిక్ వచ్చి టక్ రాకపోతే ముందు 30 ఆంపియర్ల ఫ్యూజు, తర్వాత 50 దగ్గరి స్పేడ్ చూడండి. టిక్ కూడా రాకపోతే తాళం స్విచ్, క్లచ్ స్విచ్, ట్రాకర్ రిలే. రెండూ వచ్చి ఇంజన్ కదలకపోతే, అప్పుడు మీ ఎలక్ట్రీషియన్ చెప్పినట్టు మోటార్ విప్పించండి.